గంటా పది నిమిషాల దూరం

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి విమానంలో గంటా పది నిమిషాలు. ఈ ముక్క నాకు చెప్పనివాళ్ళు మా శ్రీకాకుళంలో లేరు. మాకు పాలు పోసే ఆవిడ కూడా చెప్పింది. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఎక్కే ఉద్దేశమూ లేదు. విశాఖ దాకా వెళ్ళడమే రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి. అయినా గంటా పది నిమిషాలన్న సంగతి మాత్రం తడుముకోకుండా చెప్పింది, తన పెరట్లో కాసిన ఆనపకాయ గురించి చెప్పినంత ధీమాగా.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాలం, వేగం, దూరం అన్న పాఠాన్ని ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాను. ఆ పాఠంలో రైళ్ళు సిగ్నల్ దగ్గర ఆగవు. బస్సుల టైర్లు పంక్చరు కావు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బయల్దేరినవాడికి అత్తగారుండదు, ఇరుగుపొరుగు ఉండరు, పంచాంగం ఉండదు. పిల్లలు లెక్క చేసి, కింద గీత గీసి, జవాబు రాసి చూపిస్తారు. నేను రైటు కొడతాను. ఒకసారి ఎవడో లేచి, "టీచర్, అసలు వాడు స్టేషనుకి ఎలా వచ్చాడు?" అని అడిగితే క్లాసంతా నవ్వింది, నేను వాణ్ణి కూర్చోమన్నాను. ఇప్పుడడిగితే వాడికి పదికి పది వేస్తాను.

ఈ నిమిషాల జబ్బు మా జిల్లాలకి ఈమధ్యే తగులుకుంది. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయం అన్న దగ్గర్నుంచీ జనానికి కాలు నేల మీద నిలవడం లేదు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ రోడ్డు పట్టుకున్నా లేఅవుట్ల బోర్డులే. ప్రతి బోర్డు మీదా ఒక విమానం బొమ్మ, దాని కింద 'ఎయిర్‌పోర్టుకి పదిహేను నిమిషాలు'. రణస్థలం దగ్గరా పదిహేను నిమిషాలే, చీపురుపల్లి రోడ్డులోనూ పదిహేను నిమిషాలే. రామతీర్థం కొండ వెనకాల జీడితోటలు కొట్టేసి రాళ్ళు పాతిన చోట కూడా పదిహేను నిమిషాలే. ఈ బోర్డులన్నీ నిజమే అయితే మా రెండు జిల్లాలూ ఒక పళ్ళెం అంచు మీద వరసగా కూర్చుని ఉండాలి, మధ్యలో విమానాశ్రయం ఉండాలి. మా కన్నవారి ఊరు రామతీర్థం పక్కనే. అక్కడ మా చిన్నాన్న వరీ చోడీ పండిస్తాడు. "ఇంక ఇమానాలు మన కళ్ళం మీంచే ఎల్తాయమ్మా" అని ఆయన కూడా మురిసిపోయాడు. కాలవ నీళ్ళు పొలానికి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది చిన్నాన్నా అంటే మాత్రం చుట్ట వెలిగించుకున్నాడు.

ఇలా అందర్నీ చూసి నవ్వుకుంటూ హాయిగానే ఉన్నాను, ఒక శుక్రవారం సాయంత్రం మా చెల్లి ఫోన్ చేసేదాకా.

చెల్లి నాకంటే ఆరేళ్ళు చిన్నది. హైదరాబాదులో ఉంటుంది. దాని గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, దాన్ని మార్చాలని డాక్టర్లు అన్నారు. ఆపరేషను వచ్చే నెలలో అనుకున్నాం. ఆ రోజు ఫోన్ చేసి, ముందుకి జరిపారని, సోమవారం పొద్దున్న ఏడు గంటలకే లోపలికి తీసుకుపోతారని చెప్పింది.

"అక్కా, నువ్వు రా. లోపలికి తీసుకెల్లినప్పుడు నా సెయ్యట్టుకో. తలుపుకాడ దాకా సాలు."

"మీ ఆయనున్నాడు కదే."

"ఆయన సెయ్యి నా సెయ్యి కన్నా ఎక్కువ వణుకుతున్నాది. నువ్వొస్తేనే నాను లోపలికెల్తాను. లేపోతే మంచం దిగి ఇంటికెలిపోతాను."

చిన్నప్పుడు బడికి సూదిమందు వేసేవాళ్ళొస్తే ఇది ఇలాగే చేసేది. నన్ను నా క్లాసులోంచి పిలిపించేవారు. నేను వెళ్ళి ఒక చెయ్యి పట్టుకుంటే కళ్ళు గట్టిగా మూసుకుని రెండో చెయ్యి చాపేది. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ వరస పోలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆ భయంలో, ఇన్నాళ్ళూ నేను ఎవరిని చూసి నవ్వానో వాళ్ళ మాటే నా నోట్లోంచి ఊడిపడింది.

"ఎందుకే గోల? గంటా పది నిమిషాలు. ఆదివారం రాత్రికి నీకాడ ఉంటాను."

నిజానికి నేను శనివారమే బయల్దేరి ఉండాల్సింది. శనివారం సాయంత్రం దాకా బడిలో పరీక్షల డ్యూటీ ఉంది. అది కాగానే బస్సెక్కితే ఆదివారం పొద్దున్నకల్లా దాని మంచం పక్కన ఉండేదాన్ని. కానీ ఇంట్లో మా ఆయన ఉన్నాడు. రిటైరైన గుమస్తా. పని లేదు కాబట్టి ఫోనుంది. ఏ విమానాశ్రయానికీ ఏ విమానాశ్రయానికీ మధ్య ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని నిమిషాలో అందులో చూసి చెప్పడం ఆయన కాలక్షేపం. మేం ఈ జన్మలో అడుగుపెట్టని ఊళ్ళ మధ్య దూరాలు కూడా కూరలో ఉప్పు చూసినట్టు రోజూ భోజనం దగ్గర చూస్తాడు.

"పన్నెండు గంటలు బస్సులో నడ్డి ఇరగ్గొట్టుకుంటావేటి? గాల్లో ఐదొందల కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు. ఆదివారం మజ్జేనం ఇంట్లో తిని ఎల్లు, రాత్రి కూడు మీ సెల్లి దగ్గర తిను."

"మరి ఎయిర్‌పోర్టుకి ఎల్లొద్దేటి?"

"అది లెక్కలోకి రాదు."

ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించి మా వసారాలో తగిలించాలని నా కోరిక. మా ఇంటి నుంచి విశాఖ విమానాశ్రయానికి కారులో రెండున్నర గంటలు. అక్కడ గంటా గంటన్నర ముందుండాలి. దిగాక శంషాబాదు నుంచి ఆసుపత్రికి మరో గంటన్నర. గంటా పది నిమిషాల గాలికి ముందూ వెనకా ఐదు గంటల నేల ఉంది. ఆ నేల లెక్కలోకి రాదట. ఆదివారం నాలుగున్నర విమానానికి టికెట్ తీసేశాడు. నేను కాదనలేదు. ఎగిరి వెళ్ళిపోవచ్చన్న మాట భయపడ్డ మనిషికి ఎంత తియ్యగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

టికెట్ తీశారని వినగానే మా అత్త వీధరుగు మీంచి లేచి లోపలికొచ్చింది. ఎనభై దాటాయి ఆవిడకి. చెవులు సగమే పనిచేస్తాయి గానీ వారం, తిథి లాంటి మాటలన్నీ ఆ పనిచేసే సగంలోనే పడతాయి.

"ఆదివారం ఎల్తాదా? పడమటికి? ఏరా, ఆదివారం పడమటికి వారశూల కాదేటిరా?"

ఫలానా వారం ఫలానా దిక్కుకి ప్రయాణం పనికిరాదని చెప్పేదే వారశూల. ఈ సంగతి పైలట్‌కి ఎవరూ చెప్పినట్టు లేదత్తా అన్నాను.

"పైలట్టు గొడవ నాకెందుకు? దాని గుండె కోస్తన్నారు. శూలకి ఎదురెల్లిన సేతుల్తో దాన్నట్టుకుంటావేటే?"

నా రెండు అరచేతులూ చూసుకున్నాను. ఆవిడే ఉపాయం కూడా చెప్పింది, ప్రస్థానం పెట్టమని. ఈ కాలం వాళ్ళకి తెలియదేమో, చెబుతాను. మంచి రోజున మనం కదల్లేకపోతే మన బదులు మన సంచి కదులుతుంది. వెళ్ళే దిక్కులో ఉన్న ఎవరింట్లోనో ముందురోజే దాన్ని పెట్టేస్తే ప్రయాణం ఆనాడే మొదలైనట్టు. మర్నాడు పోతూ పోతూ సంచి అందుకుని పోవడమే. పెట్టినదాన్ని మళ్ళీ ఇంటికి తేకూడదు. ఉత్త చీరలు పెట్టి దేవుడి కళ్ళు కప్పకూడదు, అది లేకపోతే ప్రయాణమే సాగదు అన్న వస్తువు అందులో ఉండాలి. ఇదంతా మా అత్త శాస్త్రం.

ఇలాంటి వాటిని నేనెంత ఏడిపించేదాన్నో మా బడి మొత్తానికి తెలుసు. వర్జ్యం చూసి సెలవు చీటీ రాసినవాళ్ళని వారం రోజులు వదిలేదాన్ని కాదు. వాస్తు కోసం నిక్షేపంలాంటి మరుగుదొడ్డి పడగొట్టించుకున్న సైన్సు మాస్టారిని ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఆ ప్రస్థానం మా అత్త పెట్టించిందని ఊరంతా చెప్పాను. అది అబద్ధం. మా అత్త చెప్పి ఊరుకుంది. శనివారం డ్యూటీ నుంచి వచ్చి సంచి సర్దింది నేను. పొద్దు వాలకముందే దాన్ని ఎత్తుకుని పడమటి వైపు మూడో ఇంటికి నడిచింది నేను. అది లేకపోతే ప్రయాణం సాగని వస్తువేమిటా అని ఆలోచించి, ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పిన బుర్రని ఉపయోగించి, ఆధార్ కార్డున్న పర్సు తీసి అందులో పెట్టిందీ నేనే. ఓటరు కార్డు, పాన్ కార్డు కూడా ఆ పర్సులోనే ఉంటాయి. అన్నీ ఒకే చోట ఉండాలన్న క్రమశిక్షణ నాది. దాని మీద పిల్లలకి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను.

మూడో ఇంటివాళ్ళు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి టౌనులో స్థిరపడ్డ చేపల వ్యాపారస్తులు. ఆ ఇంటావిడ మంచిది. మంచిది అని నేను ఎవరినీ ఊరికే అనను. సంచిని రెండు చేతులా అందుకుని, దేవుడి గదిలో పీట మీద పెట్టి, దానికి బొట్టు కూడా పెట్టింది.

"సెల్లికేటీ అవదు టీసరుగారూ. మీరు ప్రస్థానం ఎట్టినారంటే ఆ సూర్నారాయణుడే దిగొచ్చి అడుగుతాడు, ఏటి టీసరూ ఇన్నాళ్ళకా అని."

ఇంకెవరైనా అంటే ఆ మాటకి నాలుగు మాటలు వడ్డించేదాన్ని. ఆ రోజు ఊరికే నవ్వి వచ్చేశాను. ఆ రాత్రి బాగా నిద్ర కూడా పట్టింది, అదీ నా సిగ్గులేనితనం.

ఆదివారం పదకొండున్నరకి కారొచ్చింది. భోంచేసి, మా అత్త చేత అక్షింతలు వేయించుకుని, మా ఆయనతో పాటు ఎక్కాను. విమానం దాకా దింపి వస్తానన్నాడు. కారు కదిలి మూడో ఇంటి ముందు ఆగింది. కటకటాలకి అరచెయ్యంత తాళం వేలాడుతోంది.

"పొద్దున్నే అరసవిల్లి ఎల్లినారమ్మా," అంది ఎదురుగా ఇస్త్రీ బండి ఆవిడ.

ఆదివారం అరసవల్లి. ఈ ఊళ్ళో పిల్లికూనకి కూడా తెలుసు. ఆదివారం పొద్దున్న మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలే ఉంటాయి, అటు పోయే ఆటోల్లో కూర్చోవడానికి చోటుండదు. మేం వారశూల చూసుకున్నాం, ప్రస్థానం పెట్టుకున్నాం, విమానం ఎన్ని వేల అడుగుల ఎత్తున ఎగురుతుందో కూడా చూసుకున్నాం. ఆదివారం జనం గుడికి వెళతారన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. సరే, అరసవల్లి ఎంతలో ఉంది, వచ్చేస్తారులే అనుకున్నాం. ఆవిడకి ఫోన్ చేశాం. ఫోను ఇంట్లోనే మోగింది. దేవుడి గదిలో, బహుశా నా సంచి పక్కనే, ఏదో భక్తి పాట పాడి పాడి ఊరుకుంది. వాళ్ళాయన నంబరు చూడండి అన్నాను మా ఆయనతో. లేదు. ప్రపంచంలో విమానాశ్రయాలన్నీ ఉన్న ఆ ఫోనులో మూడో ఇంటి నంబరు లేదు.

"ఆధార్ ఫోన్లో సూపించినా లోపలికి ఒగ్గుతారు సార్," అన్నాడు కారు డ్రైవరు.

అక్కడే అరుగు మీద కూర్చుని ఆ ప్రయత్నం కూడా చేశాం. ఓటీపీ పంపించాం అని వచ్చింది. ఎక్కడికి పంపించిందంటే, ఎప్పుడో నేను వాడి పారేసిన పాత నంబరుకి. అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, ఎవరా అదృష్టవంతులో, నా ఓటీపీలు మూడూ వాళ్ళకే చేరాయి. మా ఆయన అరికాలి మంట నెత్తికెక్కి, ఒక రాయి తెచ్చి తాళం మీద నాలుగు దెబ్బలు వేశాడు. తాళానికి ఏమీ కాలేదు. ఆయన బొటనవేలు కమిలింది. మా అత్త మా గుమ్మంలోంచే, "దేముడింటి తాళం బద్దలగొడతావేట్రా, పాపిష్టోడా!" అని అరిచింది. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టేసి మరీ చూసింది.

అప్పుడే చెల్లి ఫోన్ చేసింది.

"బయల్దేరినావా?"

"ఆఁ. ప్రయాణంలోనే ఉన్నాను," అన్నాను.

పంచాంగం లెక్కన అది నిజమే. ముందురోజు సాయంత్రం నుంచి నేను ప్రయాణంలోనే ఉన్నాను. మా ఇంటి నుంచి మూడిళ్ళ దూరం వచ్చాను. పన్నెండయింది. ఇప్పుడు కదిలితే హాయిగా చేరతాం అనుకున్నాను. పన్నెండున్నర అయింది. ఎక్కడా ఆగకపోతే చేరతాం అనుకున్నాను. నా పాఠంలో రైళ్ళలాగా. ఎండలో ఆ అరుగు మీద కూర్చుని నేను చేసిన లెక్కలన్నిటికీ జవాబు ఆ కటకటాల వెనక ఉంది.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా వాళ్ళ బండి వచ్చింది. ఆవిడ చేతుల నిండా ప్రసాదం పొట్లాలతో దిగి, మమ్మల్ని చూసి మొహం ఇంత చేసుకుని పరుగున వచ్చింది.

"మీ పనిమీదే తిరుగుతున్నాను టీసరుగారూ! అరసవిల్లిలో మీ సెల్లి పేరున పూజ సేయించినాను. మా మావయ్య బండి కుదిరింది కదాని అట్నుంచటే శ్రీముకలింగం కూడా ఎల్లి అబిసేకం సేయించేసినాను. ఒంటిగంట దాకా వర్జ్యం కదా, ఈలోగా మీరెలాగూ కదలరని దడదడా ఒచ్చీసినాం. ఏటి, అప్పుడే వచ్చీసినారా?"

నాకు అర్థమైంది. శూల గోలలో పడి మా అత్త కూడా వర్జ్యం చూడలేదు. ప్రస్థానం పెట్టిన మనిషి వర్జ్యంలో గడప దాటుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. నమ్మేవాళ్ళు అన్నీ నమ్ముతారు. నాలాగా ఒకటి పంచాంగం నుంచి, ఒకటి విమానం టైంటేబుల్ నుంచి ఏరుకోరు. ఆవిడ లెక్క ప్రకారం ఆవిడ పది నిమిషాలు ముందే వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆవిడ నా అరచేతిలో విభూతి పెట్టి, మెట్లెక్కి వచ్చిన రొప్పుతోనే, "సిన్నపిల్ల, దేముడు సల్లగా సూడాల" అని కళ్ళు తుడుచుకుంది. నోరు మూసుకుని సంచి తీసుకున్నాను.

ఆ తర్వాత రోడ్డు. డ్రైవరు తోలాడు, తోలలేదనను. ఆదివారం మధ్యాహ్నం పెళ్ళి బస్సులన్నీ, ట్రాక్టర్లన్నీ, విశాఖ బీచికి పోయే కార్లన్నీ మా ముందే ఉన్నాయి. దారి పొడుగునా ఎయిర్‌పోర్టుకి పదిహేను నిమిషాలు, ఎయిర్‌పోర్టుకి పదిహేను నిమిషాలు అని బోర్డులు నన్ను వెక్కిరిస్తూనే ఉన్నాయి. భోగాపురం దాటేటప్పుడు మా ఆయన ఉండబట్టలేక, "ఇక్కణ్ణుంచి ఎగిరితే ఈ బాధుండదు, సగం దారే," అన్నాడు. నేను ఆయన వంక చూశాను. ఆయన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి పది నిమిషాలప్పుడు విమానాశ్రయంలో కౌంటరు ముందు నిలబడ్డాను. అక్కడి పిల్ల చాలా అందంగా నవ్వి, "సారీ మేడమ్, క్లోజయింది," అంది. విమానం ఇంకా నలభై నిమిషాలకి గానీ లేవదు కదమ్మా అన్నాను. అవును మేడమ్ అంది. మా చెల్లికి ఆపరేషను అన్నాను. సారీ మేడమ్ అంది. దాని తప్పేమీ లేదు, అది నవ్వవలసినంతా నవ్వింది. రాత్రి విమానాల్లో సీట్లు లేవు, పెళ్ళిళ్ళ రోజులు. బయటికి వచ్చి నిలబడ్డాను. నాలుగున్నరకి ఆ విమానం లేచింది. నేను లేకుండా దానికి ఏ లోటూ ఉన్నట్టు కనిపించలేదు.

ఆరు గంటల బస్సులో సీటు దొరికింది. తెల్లారేసరికి వచ్చేస్తానని చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. బస్సు సిటీ దాటకముందే మా ఆయన ఫోన్ చేశాడు. తిరుగు దారిలో కారులో కూర్చుని ఆ విమానం ఎక్కడుందో ఫోనులో చూస్తున్నాడట.

"దిగీసిందే! గంటా ఐదు నిమిషాల్లోనే దిగీసింది. ఐదు నిమిషాలు ముందే!"

పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది. ఆ మనిషిని నేను ఎన్నో అన్నాను. ఆ రోజు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాను, అదే ఆయనకి గట్టిగా తగిలిందని తర్వాత చెప్పాడు.

బస్సు గురించి రాసేదేమీ లేదు. అది బస్సులాగే వెళ్ళింది. హైదరాబాదు పొలిమేరల్లో ట్రాఫిక్కులో ఏడున్నర దాకా నిలబడింది. నేను ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదీ ముప్ఫై ఐదు. మూడో అంతస్తులో మా మరిది ఒక ప్లాస్టిక్ కుర్చీలో చెప్పులు విప్పేసి కూర్చుని ఉన్నాడు.

"తలుపు దగ్గర ఆపమని గోల పెట్టిందండీ వొదినా. అక్క ఒచ్చేస్తాది, ఐదు నిమిషాలు అని. పాపం ఆపినారు కూడా. ఇంక ఆపలేమమ్మా అన్నారు."

నాలుగు గంటల పైన ఆ కుర్చీల్లో కూర్చున్నాం. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. తిట్టుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన ఫోన్ని తిట్టుకున్నాను, మా అత్త శూలని తిట్టుకున్నాను, శ్రీముఖలింగంలో అభిషేకం చేయించిన పుణ్యాత్మురాలిని కూడా వదల్లేదు. కౌంటరు పిల్ల నవ్వునీ, నా ఓటీపీలు అందుకున్న పుణ్యపురుషుణ్ణీ, దారిలో ప్రతి బోర్డునీ తిట్టుకున్నాను. గంట గడిచేసరికి అందరూ అయిపోయారు. సంచి ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు తీస్తూ వేస్తూ మిగిలిన మూడు గంటలు గడిపాను. అందులో ఆ పర్సు పెట్టిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. శనివారం సాయంత్రం ఆ చేతితోనే సంచి కాకుండా బస్సు కమ్మీ పట్టుకుని ఉంటే సరిపోయేది.

ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు వచ్చి చెప్పాడు. మా మరిది గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఐసీయూలోకి ఎవరినీ రానివ్వమన్నారు. రెండు రోజులు అద్దంలోంచి దాని పాదాలు మాత్రం కనిపించేవి.

బుధవారం సాయంత్రం ఐదు నిమిషాలు చూడనిచ్చారు. లోపలికి వెళ్ళేముందు మా ఆయనకి ఫోన్ చేశాను, దానికి ఏం చెప్పాలో తెలియక. ఆయన దగ్గర దీనికి కూడా జవాబుంది.

"మత్తులో ఉన్నాది కదా, దానికేటి తెలుస్తాది? సెయ్యి నువ్వే పట్టుకున్నావని సెప్పీ. సంతోసిస్తాది."

ఒకసారి ఆయన లెక్క నమ్మి ఏమైందో చూశాక కూడా, నేను మళ్ళీ నమ్మాను. చెల్లి మొహం పాలిపోయి చిన్నదైపోయింది. నన్ను చూసి పెదాలు కదిపింది. గొంతు బొంగురుగా వచ్చింది.

"ఒచ్చినావా."

"ఆ రోజే ఒచ్చినానే. తలుపుకాడ నీ సెయ్యట్టుకున్నది నానే. నువ్వు మత్తులో ఉన్నావు, నీకు గురుతు లేదు."

అది నా మొహంకేసి చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"అబద్దమాడకే అక్కా. అది ఆసుపత్రి ఆయమ్మ సెయ్యి. గరుగ్గా ఉన్నాది, పినాయిలు వాసనొచ్చింది. నీకోసం మెడ తిప్పి తిప్పి సూసినాను. నువ్వు లేవు. ఇంక తోసుకెలిపోతన్నారని, 'అక్కా' అని పిలిసినాను. ఆయమ్మ 'ఊఁ' అన్నాది. నువ్వు కాదని నాకు తెలుసు. అయినా ఎవులో ఒకలు ఊఁ అన్నారు కదాని లోపలికెలిపోనాను."

సిగ్గుతో ఏడుపొచ్చింది. దుప్పటి మీద ఉన్న దాని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. అది మొహం చిట్లించింది.

"ఆ సేతికి సూదున్నాదే. నొప్పెడతన్నాది. ఒదిలీ."

వదిలేశాను.